ఎనభై ఎకరాలు అడిగినవాళ్లు ఏ వీధిలో ఉన్నారు? – పోచంపల్లి నడక మీద ఒక విమర్శ

చూడటం అమాయకమైన పని కాదు. నడవటం అంతకన్నా కాదు. సెలవులు దొరికితే ఒక పాత ఊరి నడిబొడ్డున రెండు పూటలు తిరిగి, కోట చూసి, గుడి చూసి, మగ్గం చూసి, ఫొటోలు దిగి వెనక్కి రావటం మధ్యతరగతికి ఇప్పుడు అలవాటయింది. దానికి వారసత్వ నడక అని పేరు కూడా పెట్టుకున్నారు. ఎవరి వారసత్వం, ఎవరి నడక అని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న వేయకుండా ఊరిని చూస్తే, ఊర్లో మాట చెల్లేవాళ్లు ఎట్లా చూపించాలనుకుంటే ఊరు అట్లనే కనిపిస్తది. గద్వాల కోట అంటే సోమనాద్రి పేరు చెప్తరు. భువనగిరి కోట అంటే త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు చెప్తరు. రాయి మోసినవాడి పేరు ఏ గోడ మీదా ఉండదు.

మేము ఇక్కడ విమర్శకు తీసుకున్నది పుస్తకాన్ని కాదు, ఒక ఊరిని చూపించే పద్ధతిని. పుస్తకాన్ని చదివినట్టే ఊరిని కూడా చదవొచ్చు. ఈ కథలో కర్త ఎవరు, ఎవరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, ఎవరు పేరు లేకుండా గుంపుగా వచ్చి గుంపుగా పోతున్నరు అని అడగొచ్చు. దసరా సెలవుల్లో మేము కొందరం టీచర్లం, విద్యార్థులం కలిసి భూదాన్ పోచంపల్లిని కాలినడకన తిరిగినం. ఆ తిరుగుడులో పుట్టిన ప్రశ్నలే ఈ వ్యాసం.

నడిచే హక్కు

పాత నగరాల నడివీధుల్లో నడిచే హక్కు ఈ దేశంలో అందరికీ ఒక్కతీరుగా ఎన్నడూ లేదు. పీష్వాల కాలం నాటి పుణె గురించి డాక్టర్ అంబేద్కర్ 1936లో రాసిన ‘కుల నిర్మూలన’లో చెప్తారు. అక్కడ అంటరానివాడు వీధిలోకి రావాలంటే మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకొని రావాలె. ఉమ్మి నేల మీద పడకుండా ముంత, నడిచిన అడుగుజాడలు వెనకాలే చెరిగిపోవటానికి చీపురు. ఇవాళ పుణె పాతబస్తీలో వారసత్వ నడకకు పోయేవాడు పీష్వాల కోట గోడలు చూస్తడు గాని, అదే వీధిలో తన అడుగులను తానే ఊడ్చుకుంటూ పోయిన మనిషిని చూడడు.

ఇంకొక సంగతి మన పాత హైదరాబాద్ రాజ్యంలోనే జరిగింది. 1934లో అంబేద్కర్, ఆయన తోటి కార్యకర్తలు ముప్పై మంది దాకా కలిసి వేరూళ్ గుహలు చూడటానికి బయల్దేరి, దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. సరదాగా పాత కట్టడాలు చూద్దామని పోయిన మనుషులు వాళ్లు, ఇవాళ మనం పోయినట్టే. రంజాన్ నెల. కోట వాకిట్లో ఉన్న చిన్న తొట్టి నీళ్లతో దుమ్ము పట్టిన కాళ్లు కడుక్కున్నారు. అంతే. నీళ్లు మైలపడ్డయని జనం మీదికి వచ్చారు. అక్కడ లొల్లి చేసింది ముస్లింలు. మతం మారినా కులం కళ్లు మారలేదని అంబేద్కర్ ఈ సంఘటనతో చూపిస్తారు. చివరికి కోట లోపలికి పోనిచ్చారు గాని, ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడటానికి తుపాకీ పట్టిన సిపాయిని వెంట పంపించారు. పేరుమోసిన బారిస్టరు, రౌండ్ టేబుల్ సమావేశాలకు పోయివచ్చిన నాయకుడు, ఒక పాత కోటను చూడాలంటే పక్కన సిపాయి కాపలా!

ఈ రెండు సంగతులను మేము కొలబద్దగా తీసుకుంటున్నం. చారిత్రక ఊరిలో నడిచేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలె. ఇక్కడ ఎవరి అడుగులు చెరిగిపోయినయి? ఎవరి నడకకు ఇప్పటికీ కాపలా ఉంది?

చూపించే పోచంపల్లి

హైదరాబాద్‌కు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు పోచంపల్లి. పాత నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. పొద్దున పోతే మాపటికి తిరిగి రావచ్చు. చూడవచ్చినవాళ్లకు చూపించేవి ఇవి: వినోబా మందిరం, వినోబా విగ్రహం, వెదిరె రామచంద్రారెడ్డి విగ్రహం, మ్యూజియం, నూటొక్క దర్వాజాల ఇల్లు, ఇక్కత్ మగ్గాలు, ఆఖరికి చీరల దుకాణాలు. 2021 డిసెంబర్‌లో ప్రపంచ పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. 2023 డిసెంబర్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వచ్చారు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీదారులు వచ్చి మగ్గాలు చూసి పోయారు. ఎవరొచ్చినా చెప్పే కథ ఒక్కటే. భూదానం పుట్టిన ఊరు, ఇక్కత్ నేసే ఊరు.

భూదానం కథ అందరికీ తెలిసిందే. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగిసినంక వినోబా భావే తెలంగాణ పల్లెల గుండా పాదయాత్ర మొదలుపెట్టిండు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిండు. అప్పట్లో హరిజనవాడ అని పిలిచిన వాడకు పోయి మీకేం కావాలని అడిగిండు. భూమి కావాలన్నరు. ఎంత అంటే ఎనభై ఎకరాలన్నరు. నలభై ఎకరాలు తరి, నలభై ఎకరాలు ఖుష్కి. నలభై కుటుంబాలు, ఇంటికి రెండెకరాలు. సర్కారుకు రాస్తనన్న వినోబా, సర్కారు దాకా ఎందుకు, ఊర్లోనే ఇచ్చేవాళ్లు ఉన్నరా అని అక్కడున్నవాళ్లను అడిగిండు. రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తనన్నడు. అట్లా భూదానోద్యమం మొదలైంది.

ఈ కథను వాక్యాలుగా విడదీసి చూడండి. నడిచింది వినోబా. ఇచ్చింది రామచంద్రారెడ్డి. ఇద్దరికీ పేర్లున్నయి, విగ్రహాలున్నయి. అడిగినవాళ్లకు మాత్రం ఒక్కటే గుంపు పేరు, ‘హరిజనులు’. ఆ పేరు కూడా వాళ్లు పెట్టుకున్నది కాదు. ‘దానం’ అనే మాటకు దాత కావాలె, పుచ్చుకునేవాడు కావాలె. అడిగేవాడి తెలివికి, ధైర్యానికి ఆ మాటలో జాగా లేదు. పుణెలో అడుగుజాడ చెరిపేయటానికి చీపురు కావాల్సి వచ్చింది. ఇక్కడ చీపురుతో పనిలేదు, పేరు చెప్పకుంటే సరిపోయింది.

మేము ముఖ్యంగా గమనించమని కోరేది ఆ అంకెను. ఏమైనా ఇవ్వండి సామీ అని వాడ అడగలేదు. మా బాధలు తీర్చండని మొక్కలేదు. ఎన్ని ఇండ్లున్నయి, ఒక్క ఇల్లు గడవాలంటే ఎంత భూమి కావాలె, అందులో నీటి పారకం ఎంత, మెట్ట ఎంత అని ముందే లెక్క కట్టుకున్న మనుషులు చెప్పగలిగే జవాబు అది. తరి తినటానికి వరి ఇస్తది, ఖుష్కి జొన్న, ఆముదం ఇస్తది. ఒక్కటుంటే చాలదు. ఈ లెక్క దొరల పొలాల్లో తరతరాలు పనిచేసినోళ్లకే తెలుస్తది. అది భిక్ష కాదు, డిమాండ్. వినోబా నోట దానం అన్న మాట రాకముందే వాడ నోట ఎకరాల లెక్క వచ్చింది. ఆ లెక్క ప్రకారం చూస్తే పోచంపల్లి చరిత్రకు మొదటి కర్త వాడ. చూపించే కథలో ఆ కర్త కాస్తా కర్మ అయిపోయిండు.

లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

ఆ డిమాండ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1944లో ఈ పక్కనే భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగి, సంఘం సామాన్యుల చేతికి వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. ఆ తర్వాత ఐదేండ్లు నల్లగొండ నేల అట్టుడికింది. వెట్టి ఆగింది, దొరల భూములు పంచుకున్నరు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది. ఊర్లు వదిలి పారిపోయిన దొరలు సైన్యం వెనక తిరిగొచ్చి చాలా చోట్ల భూములు మళ్లీ గుంజుకున్నరు. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు కావాలంటే ముందు కౌలుదారు కావాలె. కౌలు కూడా దక్కక, వెట్టి చేసి, జీతముండి బతికిన మాల మాదిగ కుటుంబానికి ఆ చట్టం ఇచ్చిందేమీ లేదు. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో. అంటే వినోబా వాడలోకి అడుగుపెట్టిన నాటికి పోరాటం ఇంకా ఆగలేదు. దున్నేవానికే భూమి అన్న మాట గాలిలోనే ఉంది. ఆ గాలి పీల్చిన మనుషులే ఎనభై ఎకరాలు అడిగారు.

అందుకు నాలుగేండ్ల ముందే, 1947లో, అంబేద్కర్ ‘రాష్ట్రాలు–మైనారిటీలు’ అనే పత్రంలో ఒక దారి చూపించి ఉన్నారు. వ్యవసాయ భూమి మొత్తం రాజ్యం చేతిలోకి రావాలె, కులం మతం చూడకుండా ఊరివాళ్లకు కౌలుకివ్వాలె, అప్పుడు భూస్వామి ఉండడు, కౌలుదారు ఉండడు, భూమి లేని కూలీ ఉండడు. అది రాజ్యాంగంలోకే రావాలని ఆయన కోరారు. పోచంపల్లిలో జరిగింది దీనికి తలకిందులు. హక్కుగా రావాల్సింది దయగా వచ్చింది. హక్కుకు చట్టం సాక్షి. దయకు సాక్షి ఇచ్చినవాడి మనసే. ఇచ్చినవాడి తర్వాతి తరం మనసు మారితే దయ కూడా మారుతది.

లెక్కలు కూడా ఇదే చెప్తున్నయి. ఆ ఏడు తెలంగాణ యాత్రలో వినోబాకు వచ్చింది సుమారు 12 వేల ఎకరాలు. తర్వాతి ఏండ్లలో దేశమంతా కలిపి నలభై లక్షల ఎకరాలకు పైగా దానంగా రాసిచ్చారు. అందులో పెద్ద భాగం పంపిణీ కానే లేదు. రాళ్లు రప్పలు, గుట్టలు, కోర్టు తగాదాల్లో ఉన్న భూములు కూడా దానం పట్టికల్లోకి ఎక్కినయి. 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. హైదరాబాద్ పెరిగి భూముల ధరలు కోట్లకు పోయినంక, నగరం చుట్టూ ఉన్న భూదాన భూముల మీద ఆక్రమణలు, కేసులు మొదలైనయి. 2014 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం భూమి లేని దళిత కుటుంబానికి మూడెకరాలు ఇస్తమని పథకం మొదలుపెట్టింది. అది కొన్నివేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది. 1951లో రెండెకరాలు, 2014లో మూడెకరాలు. అరవై మూడేండ్లు గడిచినా వాడ అడుగుతున్నది భూమే.

పేరులో ఉన్న తల్లి

ఊరి పేరు సంగతి కూడా చూడాలె. పోచంపల్లి అన్న మాటలోనే పోచమ్మ ఉంది. పోచమ్మ మా వాడల తల్లి. మంత్రం అక్కర లేదు, పూజారి అక్కర లేదు, ఎవరి భాషలో వాళ్లు మొక్కుకోవచ్చు. కంచ ఐలయ్య 1996లో వచ్చిన తన ఇంగ్లీషు పుస్తకంలో పోచమ్మ గురించి రాసింది కూడా ఇదే. అటువంటి తల్లి పేరు ముందు ‘భూదాన్’ అనే సంస్కృత మాట వచ్చి కూర్చుంది. ఇప్పుడు బోర్డుల మీద, బస్సుల మీద ముందు కనిపించేది దానమే. పోచమ్మ పెట్టే తల్లి, కోపమొస్తే నిలదీసే తల్లి కూడా. దానం పుచ్చుకున్నోడు తల వంచాలె. పోచమ్మ బిడ్డ తల వంచాల్సిన పనిలేదు. ఒక ఊరి పేరులో ఈ రెండు విలువలు పక్కపక్కన ఉండటం మాకు చిన్న విషయంగా తోచలేదు.

మగ్గం చూపించి దాచేది

మగ్గాల వీధులు పోచంపల్లి నడకలో అందమైన భాగం. మేము ఒప్పుకుంటున్నం. నూలును ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, నేసేటప్పుడు బొమ్మ కలిసేటట్టు చేయటం గొప్ప విద్య. 2005లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పద్మశాలి ఇంటి ఆడవాళ్లు ఆసు పోయటానికి ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడించి భుజాలు పోగొట్టుకున్నరు. తల్లి పడ్డ ఆ బాధ చూసి ఆలేరు దగ్గర శారాజీపేట నేతబిడ్డ చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ భుజం నొప్పి నేతగాళ్ల చరిత్ర. మ్యూజియం చూపించే రంగుల వెనక ఆ నొప్పి ఉందని చూసేవాడికి తెలవాలె.

అయితే నేత అంటే ఒకట్రెండు కులాల విద్య అన్నట్టు చెప్పటం మాత్రం సగం నిజం. మన షెడ్యూల్డు కులాల జాబితా తీసి చూడండి. అందులో ‘మాల సాలె, నేతాని’ అని ఒక పేరుంది. పేరే చెప్తున్నది, మాలల్లో నేత నేసినోళ్లు ఉన్నరని. ముతకబట్ట నేసి వాడలకు, పల్లెలకు కట్టబెట్టిన చేతులు అవి. పట్టు మ్యూజియంలోకి ఎక్కింది, ముతక ఎక్కలేదు. అట్లనే మాదిగ తోలుపని. బావిలో నీళ్లు తోడే మోట బొక్కెన తోలుది. దొర కాలి చెప్పు తోలుది. డప్పు తోలుది. మోట లేకుంటే తరి లేదు, తరి లేకుంటే దొర లేడు. దొరకు వెట్టిగా చెప్పులు కుట్టిచ్చిన మాదిగ గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతబట్టుకొని పోవాలె. ఈ పనిముట్లను వరుసగా పెట్టి, ఇవి ఈ ఊరిని బతికించినయని చెప్పే గది ఒక్కటి ఉంటే, చూడవచ్చినవాడి నడక ఇంకోరకంగా సాగేది.

ఊరు అటుంది

మేము వాడ వైపు తిరిగినప్పుడు ఒక ముసలవ్వ ఇంటి ముందు కూసోని ఉంది. మమ్మల్ని చూసి, “ఎవలు బిడ్డా మీరు, సర్కారోళ్లా?” అన్నది. “కాదవ్వా, చదువు చెప్పేటోళ్లం, చదువుకునేటోళ్లం. సెలవులని ఊరు చూడ వచ్చినం” అన్నం. ఆమె చేయి ఎత్తి మేము వచ్చిన దిక్కే చూపించింది. “ఊరు అటున్నది గద బిడ్డా. ఈడేం జూస్తరు?”

ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఊరు వేరు, వాడ వేరు అని తరాలుగా నేర్పిన పాఠం ఉంది. పర్యాటక పటం గీసినవాళ్లూ, అవ్వా ఒక్క మాట మీద ఉన్నరు, చూడదగ్గది అటే ఉన్నదని. పటం గీసినవాళ్లకు అది సౌకర్యం. అవ్వకు అది అనుభవం. ఒక్క మాటే ఇద్దరి నోట రెండు చరిత్రలను చెప్తున్నది. దౌలతాబాద్ సిపాయి తుపాకీతో కాపలా కాసిండు. ఇక్కడ తుపాకీ లేదు. చూపించేది లేదన్న నమ్మకమే కాపలా.

ఎదురు వాదాలు

మా మిత్రుల్లోనే కొందరు ఇట్లా అడిగారు. నూరెకరాలు ఇచ్చిన మనిషిని తప్పుపడుతరా? చట్టం ఇవ్వనిది ఆయన ఇచ్చిండు కదా? ఎవరూ తొక్కని వాడను వినోబా తొక్కిండు కదా? ఇవి కొట్టిపారేసే ప్రశ్నలు కావు. ఆకలితో ఉన్నవాడికి ఎకరం ఎకరమే, అది ఏ పేరుతో వచ్చినా. అడిగిన ఎనభైకి నూరు ఇస్తననటం ఆనాటి భూస్వాముల్లో మామూలు విషయం కాదు. మేము ఏ వ్యక్తినీ కించపరచటం లేదు. మా విమర్శ ఆ సంఘటనను చెప్పే తీరు మీద. ఇచ్చినవాడి మంచితనాన్ని గుర్తుపెట్టుకొని, అడిగినవాడి హక్కును మరిచిపోయే జ్ఞాపకం ఆధిపత్య కులాలకు పనికొస్తది. భూ సంస్కరణ అన్న మాట లేచినప్పుడల్లా మనసులు మారాలె, చట్టాలతో ఏమైతదని చెప్పటానికి ఆ జ్ఞాపకమే ఆధారమవుతది.

ఇంకో వాదం, పర్యాటకం వస్తే నేతగాళ్లకు నాలుగు పైసలు వస్తయి, ఎందుకు చెడగొడతరని. రానీయండి. ఇంకా రావాలె. వాడ చరిత్ర చెప్తే చీర ధర తగ్గదు. చూసేవాడి కళ్లు మాత్రం కొంచెం పెద్దవైతయి.

చేయాల్సిన పని

విమర్శ రాసి ఊరుకుంటే సరిపోదు. పోచంపల్లిలోనే కాదు, నల్లగొండ, పాలమూరు ఊర్లల్లో టీచర్లు, విద్యార్థులు సెలవుల్లో చేయగలిగిన పని ఉంది. నడకను వాడ నుంచి మొదలుపెట్టి ఊరి నడిబొడ్డుకు రావాలె, ఎదురుదిక్కున కాదు. ముసలోళ్ల నుంచి పేర్లు రాసుకోవాలె. ఆనాడు వాడలో ఏ ఇండ్లుండె, ఆడవాళ్లు ఎవరు, మాలలు ఎందరు, మాదిగలు ఎందరు, భూమి ఎవరికి పంచిండ్రు, ఎవరికి పంచలేదు, ఇప్పుడు ఎవరు దున్నుతున్నరు. నోటి మాటను కాగితంతో సరిచూడాలె. 1954–55 ఖాస్రా పహాణీ ఉంది, తర్వాతి పహాణీలున్నయి. 2005 సమాచార హక్కు చట్టం కింద తహసీల్ ఆఫీసులో అడగొచ్చు. 2020లో ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడే, భూభారతి మొదలైంది. కంప్యూటర్ తెరలు మారినప్పుడల్లా పేరు తప్పిపోయే ప్రమాదం పేదోళ్లకే ఎక్కువ. కాబట్టి పాత కాగితం నకలు వాడలోనే ఉండాలె, సర్వే నంబరుతో సహా.

ఆ పేర్లన్నీ దొరికినంక పోచంపల్లి నడిబొడ్డున ఒక బోర్డు పెట్టమని అడుగుదాం. 1951 ఏప్రిల్ 18న ఈ ఊరి మాల మాదిగ కుటుంబాలు నలభై ఎకరాల తరి, నలభై ఎకరాల ఖుష్కి అడిగినయని, అడిగిన ఇండ్ల పేర్లు ఇవని, అందులో ఎంత భూమి వాళ్ల చేతిలో ఉందో ఇదని దాని మీద రాయాలె. చివరి వరుస ప్రతి ఏడూ మార్చి రాయాలె.